సినిమా ఎలా ఉందని అడిగావు

మాలెగావ్,
మంగళవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక

నా కంటి వెలుగు తౌసీఫ్‌కి,

అమ్మీ దీవెనలు. అల్లా నిన్ను చల్లగా చూడాలి. పరాయి ఊరి నీళ్ళు నీ ఒంటికి పడాలి.

ఇంట్లో ఫోన్ ఉండగా అమ్మీ ఉత్తరం రాయడమేమిటని నవ్వుతున్నావేమో. నవ్వకు బేటా. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత రాత నేను రాయడం ఇదే. ఫోన్లో చెప్పలేని మాట కాబట్టి కలం పట్టాను. నీకు ఫోన్ చేస్తే చాలు, గదిలో ఉన్న మన ఊరి పిల్లలందరూ "ఖాలా, సలాం!" అని అరుస్తారు. అందరికంటే ముందు వినపడేది జమీల్ తమ్ముడు నవేద్ గొంతు. వాడు మంచి పిల్లాడే. కానీ ఈ మాట వాడి చెవిన పడకూడదు. ఇక్కడేమో మన కిటికీ కింద సందులో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. మీ అబ్బాతో చెప్పుకుని గుండె బరువు దించుకుందామంటే, మగ్గాల చప్పుడు ఆయన చెవుల్ని ఏనాడో తినేసింది. మీ అబ్బాకి ఒక రహస్యం చెప్పాలంటే ముందు పేటంతటికీ చెప్పాలి.

హలీమా ఆపా ఈ సాయంత్రం బస్సుకి సూరత్‌లో కూతురి దగ్గరికి వెళ్తోంది. ఆవిడకి చదువు రాదు. అందుకే ఈ కాగితాలు ఆవిడ చేతికి ఇస్తున్నాను. నీకు చేసిన సేమియా డబ్బా అడుగున, బట్ట కింద ఉంటాయి. గదిలో చదవకు. మసీదులో ఓ మూల కూర్చుని చదువు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఉత్తరంలో అలా రాయాలి కాబట్టి రాయడం లేదు, ఒంట్లో నిజంగానే బాగున్నాం. మీ అబ్బాకి దగ్గు తగ్గింది. రాత్రి నిద్ర పడుతోంది. చెవి మిషను పెట్టించుకోమని నువ్వు రాసిన మాట ఆయనకి కాగితం మీద రాసి చూపించాను. "ఇన్నాళ్ళకి ఇంట్లో ప్రశాంతత వచ్చింది, దాన్ని కూడా తీసేస్తానంటావా" అని నన్నే వెక్కిరించారు. నువ్వు పంపిన చీర ఇంకా కట్టలేదు. రంగు చాలా బాగుంది, కానీ నా వయసుకి ఎక్కువ. రెండో మేకకి కాలు బాగైంది. మీ చెల్లెలికి నెలలు నిండుతున్నాయి, దువా చెయ్యి.

ఇక చీర మడతల్లో పెట్టి పంపిన చీటీలో నువ్వు అడిగినవి రెండు ప్రశ్నలు మిగిలాయి. "అమ్మీ, ఈమధ్య శుక్రవారాలు సినిమా ఎలా ఉందో ఎందుకు చెప్పడం లేదు" అన్నది ఒకటి. రెండోది కింద గీత గీసి మరీ రాశావు. దాని దగ్గరికి వస్తాను. నాకు కొంచెం టైమివ్వు.

నువ్వు సూరత్ వెళ్ళినప్పటి నుంచి ప్రతి శుక్రవారం మొదటి ఆట వదిలాక నాకు ఫోన్ చేసేవాడివి. టాకీసు గడప ఎన్నడూ తొక్కని మనిషిని, నేను నీకు సినిమా ఎలా ఉందో చెప్పేదాన్ని. మన వంటింటి గోడే టాకీసు గోడ అయితే ఇక నేనేం చేయను? నమాజుకి నిలబడితే ఎదురుగా అదే గోడ. నేను చేతులు కట్టుకోగానే అవతల డప్పులు మొదలు. అల్లా క్షమించాలి. ఇన్నేళ్ళలో నాకు తెలిసిందల్లా ఇదే. ఈలలు పడితే సినిమా బాగున్నట్టు కాదు, ఈలలు ఇంటి నుంచే తెచ్చుకుంటారు. హాలంతా ఒక్కసారి గప్‌చుప్ అయితే బాగున్నట్టు. దగ్గులు మొదలైతే రెండో వారం ఉండదు. నీ స్నేహితులు కూడా "తౌసీఫ్, మీ అమ్మీ ఏమంది?" అని అడుగుతారని నువ్వంటే, పైకి సిగ్గుపడ్డాను కానీ లోపల సంతోషించాను.

గోడ సగమే చెప్పేది. మిగతా సగం సందు చెప్పేది. ఆట వదలగానే మన కిటికీ కింద కాలువ గట్టు మీద కుర్రాళ్ళ పంచాయతీ, సందు మొగలో ఇద్రీస్ బజ్జీల బండి. అదంతా నీకు తెలియనిది కాదు, నువ్వూ ఆ గట్టు మీద పెరిగినవాడివే. అయినా రైలు సినిమా నాటి మాటలు నీకు రాయాలనుంది. మా సందులో నేను భయం లేకుండా విన్న ఆఖరి మాటలు అవి.

బాదల్ భాయ్ సినిమా అంటే జమీల్ ఆగుతాడా, వాడే ముందు మొదలుపెట్టాడు. "మా బాదల్ భాయ్ ఎంట్రీ చూశార్రా! రైలు మీంచి దూకితే బూటుకి మట్టి కూడా అంటలేదు!"

"ఎలా అంటుంది? మట్టి కంటే ముందు మేకప్ వాడు వచ్చాడు," అన్నాడు ఇద్రీస్, మూకుడులో గరిటె తిప్పుతూనే. "తల్లి చచ్చిపోతే మీ వాడు జుట్టు సవరించుకున్నాడు. నూనెలో పడ్డప్పుడు నా మిరపకాయ బజ్జీ పెట్టే మొహం కూడా పెట్టలేకపోయాడు."

"ఇద్రీస్ భాయ్, నువ్వు ముసలి హీరోల మనిషివి. మీ వాళ్ళు ఒక పాట పాడేలోపు మావాడు పదిమందిని కొడతాడు."

"అదేరా నా బాధ. పదిమందిని కొట్టాక కూడా మీవాడు పాడే పాట ఇంకా మిగిలే ఉంటుంది!"

ఎవరో సన్నగా, "చెల్లెలి వేషం వేసిన పిల్ల మాత్రం బాగా చేసింది" అన్నారు. ఇక చూడు, అందరూ వాడి మీద పడ్డారు. "ఒరేయ్, ఇంత పెద్ద రైలు వస్తే నీకు చెల్లెలు కనపడిందిరా?" నేను అంట్లు తోముతూ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. చివరికి అందరూ ఇద్రీస్ బజ్జీలే తిని, ఇద్రీస్‌నే తిట్టుకుంటూ ఇళ్ళకి పోయారు. అతను మళ్ళీ వారం వాళ్ళ కోసం నూనె కాచి ఎదురుచూసేవాడు.

ఇప్పుడు అలా లేదు బేటా.

కవలల సినిమా వచ్చిన శుక్రవారం ఏం జరిగిందో నీకు తెలుసు. బాదల్ భాయ్ తెరమీదికి రాగానే హాల్లోపల కాల్చడానికి జమీల్ వాళ్ళు రాకెట్లు, చిచ్చుబుడ్లు సంచుల్లో పెట్టుకుని వచ్చారు. ఎప్పుడూ తెచ్చేవే, ఈసారి ఎక్కువ తెచ్చారు. గేటు దగ్గర పోలీసులు కాచుకుని ఉన్నారు. సంచులు తెరిపించారు. జమీల్‌నీ, ఇంకో ఇద్దరినీ అందరి ముందూ చెంపలు వాయించి జీపెక్కించారు. జమీల్ నాసిక్ జైల్లో ఉండి, మొన్ననే బెయిలు మీద వచ్చాడు. మగ్గం పని పోయింది. కుదిరిన పెళ్ళి చెడింది. చిక్కి సగమయ్యాడు. నవ్వడం లేదు. వాడి నవ్వు నీకు తెలుసు కదా, సందు ఈ చివర నవ్వితే ఆ చివర పిల్లలు నిద్రలేచేవాళ్ళు.

నీ రెండో ప్రశ్న ఇదే. "పోలీసులకి ఉప్పందించిన చాడీకోరు ఎవరో తెలిసిందా? వాణ్ణి మాత్రం ఊరికే వదలొద్దని జమీల్‌తో చెప్పు అమ్మీ. నేను అక్కడుంటే వాడి నాలుక కోసేవాణ్ణి." నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, చిన్నప్పుడు నేను చేయి పట్టి దిద్దించినవి. ఆ అక్షరాల్లో ఆ మాట చదివి, చీటీని మళ్ళీ చీర మడతల్లోనే దాచేశాను.

సందు పంచాయతీ తేల్చేసింది. ఇద్రీస్ అని. ఎందుకో తెలుసా? ఆ ముందు రోజు గట్టు మీద అతనన్నాడు, "ఈ కవలల సినిమాకి టపాసులు దండగరా. ఒక మొహంతోనే నటించలేనివాడు రెండు మొహాలతో ఏం చేస్తాడు? ఆ డబ్బు పెట్టి ఇంట్లో పిండి కొనండి" అని. ఆరోజు జమీల్ కూడా పడీపడీ నవ్వాడు. ఇప్పుడదే మాట సాక్ష్యమైంది. పైగా ఆ శుక్రవారం బండి పెట్టలేదు. పిల్లకి జ్వరం వస్తే డాక్టరు దగ్గర కూర్చున్నాడు. "మొదటి ఆట ఎగ్గొట్టడం వాడి జన్మలో లేదు. ఆరోజే ఎందుకు రాలేదు?" అంటారు. సినిమా బాగోలేదన్న నోరే పోలీసుల దగ్గర విప్పిందని వాళ్ళ లెక్క.

నువ్వడిగిన సినిమాల సంగతి చెప్తాను విను. కవలల సినిమా, తర్వాత వచ్చిన గుర్రాల సినిమా, మొన్నటి పోలీసు సినిమా, మూడూ విన్నాను. గుర్రాల సినిమాకి హాలంతా దగ్గులే. విశ్రాంతి తర్వాత కుర్చీలు కిర్రుమనడం తప్ప మనిషి చప్పుడు లేదు. ఆట వదిలింది. కిటికీ కింద గొంతులు. "సూపర్." "అవునవును, సూపర్." "ఎవరైనా బాగోలేదంటారా?" "ఛ, ఎవరంటారు?" అంతే. గొడవ లేదు, నవ్వు లేదు. పోలీసు సినిమాకీ అంతే. లోపల ఆవలించినవాళ్ళు బయటికొచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకుని బ్రహ్మాండం అంటున్నారు. బేటా, అంత భయంకరమైన మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు. నీకు ఫోన్లో నేనేం చెప్పను? బాగోలేదంటే నీ గదిలో ఎవరో వింటారు. బాగుందంటే నీకు అబద్ధం చెప్పినదాన్నవుతాను. అందుకే శుక్రవారాలు ఫోన్ ఎత్తడం మానేశాను.

కొంచెం ఆగాను. కిటికీ కింద ఎవరో దగ్గారు. కాగితాలు పిండి డబ్బాలో దాచి వెళ్ళి చూశాను. ఎవరో ముసలాయన, ఎండకి కూర్చున్నాడు. ఈమధ్య నా బతుకు ఇలాగే ఉంది.

ఆదివారం అంట్లు తోముతుంటే విన్నాను. మొదట మాట్లాడింది జమీల్ కాదు, మిగతావాళ్ళు. "శుక్రవారం ఆట వదిలాక నది ఒడ్డుకి తీసుకుపోదాం." "రమ్మంటే వస్తాడా?" "ఎందుకు రాడు? ఇద్రీస్ భాయ్, సినిమా గురించి మాట్లాడుకుందాం రా అంటే వాడు నరకానికైనా వస్తాడు." ఒకడు నవ్వాడు. ఇంకొకడు, "బజ్జీ వేసే చెయ్యి మిగలకూడదు" అన్నాడు. అప్పుడు జమీల్ అన్నాడు, మెల్లిగా, "కుడి చెయ్యి" అని. నా చేతిలోంచి గిన్నె జారి కిటికీ కిందికి పడింది. వాళ్ళు పైకి చూసి "పడిందా ఖాలా? తీసిమ్మంటారా?" అని ఎంతో మర్యాదగా అడిగారు.

ఇద్రీస్ ఇంటికి వెళ్ళి విన్నది చెప్పాను. అతని భార్య లేచి తలుపు గడియ పెట్టింది. అతను మాత్రం శనగపిండి కలుపుతూ, "నేను వాళ్ళ సినిమాని తిట్టాను కానీ వాళ్ళనా ఖాలా? వారం వారం నాతో దెబ్బలాడకపోతే వాళ్ళకి తిన్నది అరగదు. పిలవనీండి, వెళ్తాను. పోలీసు సినిమా గురించి నా కడుపులో చాలా ఉంది" అన్నాడు. వాళ్ళు మళ్ళీ మాట్లాడతారని ఆశపడుతున్నాడు. ఒంటరివాడైపోయాడు పాపం.

ఇక రాయక తప్పదు.

ఇద్రీస్ చెప్పలేదు. చెప్పింది నేను.

నువ్వు నాలుక కోస్తానన్న చాడీకోరు మీ అమ్మీ.

ఈ లైను రెండుసార్లు చదివి ఉంటావు. ఇప్పుడు మిగతాది చదువు. పోయిన చలికాలం, బాదల్ భాయ్ వకీలు వేషం వేసిన సినిమా. నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నావు, జమీల్‌తో కలిసి మొదటి ఆటకి వెళ్ళావు. నేను బిందె పట్టుకుని సందులోకి వచ్చాను. టాకీసు వెనక తలుపు మన గుమ్మానికి పక్కనే కదా, టికెట్ లేకుండా పిల్లలు దూరతారని బయటి నుంచి తాళం వేసి ఉంచుతారు. ముందు టపాసుల చప్పుడు, ఈలలు. తర్వాత వేరే రకం అరుపులు. తలుపు సందుల్లోంచి పొగ వచ్చింది. ఆ తర్వాత లోపలి నుంచి చేతులు ఆ తలుపుని కొట్టడం మొదలుపెట్టాయి. ఎన్ని చేతులో బేటా. "తియ్యండి, తియ్యండి" అని. తలుపు ఉబ్బినట్టు కదిలింది. నేను బిందె పారేసి ఆ తాళం రెండు చేతులతో పట్టుకుని లాగాను. ఇనుప తాళం ఆడమనిషి లాగితే వస్తుందా? అరిచాను కూడా. నా అరుపు నాకే వినపడలేదు. నువ్వు లోపల ఉన్నావు.

అంతలో ఎవరో మంట ఆర్పారట. చేతుల చప్పుడు ఆగింది. పాట మళ్ళీ మొదలైంది. ఆట అయ్యాక అందరూ ముందు గేటులోంచి నవ్వుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చుని, "ఎంట్రీ అదిరింది" అన్నారు. నువ్వూ వచ్చావు. ఒళ్ళంతా టపాసుల మందు వాసన. "ఫస్టాఫ్ సూపర్ అమ్మీ" అన్నావు. అన్నం పెడుతుంటే నీ చేతి కణుపులు చూశాను. తోలు లేచిపోయి ఉంది. నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు. ఎందుకు చేశావని నన్ను అడిగేముందు ఆ రాత్రి చెయ్యి కడుక్కుంటే ఎంత మండిందో గుర్తుతెచ్చుకో.

కవలల సినిమాకి ఎన్ని పెట్టెలు తేవాలో వాళ్ళు మన కిటికీ కిందే మాట్లాడుకున్నారు. నేను టాకీసు వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, ఆ ఒక్కరోజు తాళం తీసి ఉంచమని బతిమాలాను. "తాళం తీస్తే ఊరంతా ఉచితంగా చూస్తుంది ఖాలా, మీరు వెళ్ళి తస్బీహ్ పూసలు తిప్పుకోండి" అన్నాడు. జమీల్‌కి చెప్పాను. "ఖాలా, పండగకి దీపం వద్దంటారా?" అని నవ్వి, నా చేతిలో సంచి అందుకుని ఇంటిదాకా మోసుకొచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఇక ఎవరికి చెప్పను? గురువారం పగలు, సందులో ఎవరూ లేనప్పుడు పోలీసుల నంబరుకి ఫోన్ చేశాను. అవతలి ఆడపిల్ల "గట్టిగా మాట్లాడండి, వినపడటం లేదు" అని ఎన్నిసార్లు అందో. టాకీసు పేరు చెప్పాను. మొదటి ఆట, లోపల టపాసులు, వెనక తలుపుకి తాళం. ఎవరి పేరూ చెప్పలేదు. అల్లా సాక్షి, పిల్లల పేర్లు చెప్పలేదు. తలుపు తీయిస్తారనుకున్నాను. వాళ్ళొచ్చి పిల్లల్ని పట్టుకుపోయారు. తలుపు వైపు ఎవరూ చూడలేదు. ఆ తాళం ఇప్పటికీ అలాగే వేలాడుతోంది.

చాడీలు చెప్పేవాళ్ళకి స్వర్గం లేదని చిన్నప్పుడు ఖురాన్ నేర్పిన ఉస్తానీ చెప్పింది. నేను చెప్పింది చాడీయా, కాదా అని ప్రతి నమాజులోనూ అడుగుతున్నాను. దానికి జవాబు రాలేదు. కానీ చెయ్యని తప్పుకి ఒక మనిషి చెయ్యి పోతుంటే నోరు మూసుకున్నవాళ్ళ సంగతి నేను అడగక్కర్లేదు, నాకే తెలుసు.

అందుకే నిన్న బురఖా వేసుకుని, ఫోన్ లోపల చేత్తో పట్టుకుని గట్టు దగ్గరికి వెళ్ళాను. జమీల్, ఇంకో ఇద్దరు ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"జమీల్, పోలీసులకి చెప్పింది ఇద్రీస్ కాదు బేటా."

"మరెవరు ఖాలా?"

"నేను."

వాళ్ళలో ఒకడు పకపక నవ్వాడు. "ఖాలా, మీరు కోడిని కోస్తుంటేనే అటు తిరుగుతారు!" రెండోవాడు, "మీ గొంతు పక్కనున్న మాకే వినపడదు, పోలీసులకి వినపడిందా?" అన్నాడు. నేను నిజమేనని మళ్ళీ చెప్పాను. జమీల్ నవ్వలేదు. "ఇద్రీస్ పెళ్ళాం వచ్చి ఏడ్చింది, మీ మనసు కరిగింది, అంతే కదా? మా అమ్మ పోయాక నాకు రొట్టె పెట్టిన చేతులు మీవి. మీరు అబద్ధమాడినా నేను తప్పు పట్టను. కానీ ఇందులోకి రాకండి ఖాలా."

ఫోన్ నా చేతిలోనే ఉంది. అందులో ఆ నంబరు, ఆ తేదీ అలాగే ఉన్నాయి. చూపిస్తే చాలు. బయటికి తీయబోయాను. అప్పుడు మొదటివాడు ఊరికే అన్నాడు, "తౌసీఫ్ ఉంటే ఈపాటికి ఇద్రీస్ పని పట్టేసేవాడు." జమీల్ మొహం మారిపోయింది. "తౌసీఫా? బాదల్ భాయ్ బ్యానరు మీద నా ఫొటో పెద్దదిగా, వాడిది చిన్నదిగా వేశారని ఊరొదిలి పోయేటప్పుడు కూడా నాతో మాట్లాడలేదు. వాడి కడుపులో ఏముందో ఎవరికి తెలుసు?" అన్నాడు.

నా చెయ్యి బురఖాలోనే ఆగిపోయింది. బేటా, ఆ ఫోన్ సిమ్ నీ పేరు మీద ఉంది. మీ అబ్బా కాగితాల్లో పేరు తప్పుందని నువ్వే నీ పేరున తీసి ఇచ్చావు, గుర్తుందా? ఆ నంబరు చూపిస్తే ఫోన్ చేసింది అమ్మీ అని ఎవరంటారు? తౌసీఫ్ అంటారు. బ్యానరు మీద ఫొటో కోసం స్నేహితుణ్ణి జైలుకి పంపాడంటారు. నీ పక్క పరుపు మీద పడుకునేది జమీల్ తమ్ముడు. నేను ఫోన్ బయటికి తీయకుండానే ఇంటికొచ్చేశాను.

నీకు చెప్పకుండా దాచలేనిది ఇదే. ఫోన్ చేసినందుకు నాకు సిగ్గు లేదు. నిన్న చూపించనందుకు ఉంది. నా కొడుకు కోసం ఇంకొకరి కొడుకు చేతిని వదిలేసి వచ్చాను. రాత్రంతా నా కళ్ళ ముందు ఇద్రీస్ కూతురే. వాళ్ళ నాన్న చేతిలోంచి పకోడీ ముక్క నోటితో అందుకునే పిల్ల.

ఇప్పుడు నేనేం చేయబోతున్నానో విను. శుక్రవారం తెల్లవారి నమాజు అయ్యాక జమీల్ ఇంటికి వెళ్తాను. వాడొక్కడే ఉన్నప్పుడు ఫోన్ వాడి చేతిలో పెడతాను. నువ్వు సూరత్‌లో ఉన్నావని, ఫోన్ మన ఇంట్లోనే ఉందని, నీకు ఒక్క ముక్క తెలియదని చెప్తాను. నమ్మకపోతే ఆ వెనక తలుపు దగ్గరికి రమ్మంటాను. ఆరోజు లోపలి నుంచి కొట్టిన చేతుల్లో వాడివీ ఉన్నాయి కదా. అప్పటికీ నమ్మకపోతే వాడి ఎదుటే అదే నంబరుకి మళ్ళీ చేసి, తాళం ఇంకా తీయలేదని చెప్తాను. నా గొంతు ఎంత వినపడుతుందో వాడే వింటాడు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. మన ఇంటి మీదికి వస్తారేమో. మీ అబ్బాకి తలుపు కొట్టినా వినపడదు. ఆ భయం ఉంది. చాలా ఉంది.

అందుకే నువ్వు గురువారమే ఆ గది వదిలి భరూచ్‌లో రషీద్ మామూ ఇంటికి వెళ్ళిపో. నవేద్‌తో మామూకి ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పకు. మామూ పిలిచాడని చెప్పు. హలీమా ఆపా అల్లుడి ఫోన్ నుంచి మామూకి కబురు పెట్టించి నిన్ను పిలిపిస్తున్నాను, కాబట్టి అది నిజమే అవుతుంది. నవేద్‌తో గొడవ పడకు, వాడి తప్పేమీ లేదు. శుక్రవారం నాకు ఫోన్ చేయకు. ఆ ఫోన్ జమీల్ చేతిలో ఉంటుంది, నీ పేరు వెలిగితే అన్నీ చెడతాయి. అంతా సర్దుకుంటే నేనే చేస్తాను. శనివారం సాయంత్రం దాకా చేయకపోతే, నువ్వు రావద్దు. మామూని పంపు.

నా మీద కోపం వస్తే రానీ. నువ్వు చిన్నప్పుడు కోపమొస్తే అన్నం మానేసేవాడివి. ఇప్పుడు అలా చేయకు. సేమియా తినేయి, నెయ్యి ఎక్కువ వేశాను, రెండు రోజుల కంటే ఉండదు.

ఈ కాగితాలు మాత్రం చింపకు. నువ్వే నాచేత ఫోన్ చేయించావని రేపు ఎవరైనా అంటే, నీకేమీ తెలియదని మీ అమ్మీ చేతి రాతలో ఇందులో ఉంది. ఆ రోజు రాకూడదని దువా చేస్తున్నాను. అది వచ్చేదాకా దాచు. నవేద్‌కి గానీ, మామూకి గానీ, మీ అబ్బాకి గానీ, ఎవ్వరికీ చూపించకు.

ఇట్లు,
నీ మేలు తప్ప మరొకటి కోరని, ఈసారి మాత్రం ఇంకొకరి మేలు కూడా కోరక తప్పని
మీ అమ్మీ, ముబీనా